భాగం - 6: ముల్లు గేజి నుంచి డిజిటల్ గేజి వరకు

విషయక్రమం

6.0 ఉద్దేశాలు
6.1 పరిచయం
6.2 పీడనాన్ని కొలవడం నేర్చుకున్న కథ
6.3 మంచు ఓడల నుంచి ఫ్రియాన్ వరకు
6.4 సికింద్రాబాద్, మాంట్రియల్, కిగాలీ
6.5 డయలు ఒక చారిత్రక ఆధారం
6.6 డిజిటల్ గేజిలో ఏం జరుగుతుంది?
6.7 గేజిని ఎంచుకోవడం
6.8 సారాంశం
6.9 ముఖ్య పదాలు
6.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

6.0 ఉద్దేశాలు

ఈ భాగం చదివిన తర్వాత మీరు:
- పీడన మాపకం ఏ అవసరం నుంచి పుట్టిందో వివరించగలుగుతారు.
- శీతలీకరణ వాయువులు ఎందుకు ఒకదాని తర్వాత ఒకటి మారాయో, ఆ మార్పులు మెకానిక్ పనిముట్లను ఎలా మార్చాయో చర్చించగలుగుతారు.
- ఒక పాత పరికరాన్ని చారిత్రక ఆధారంగా చదవగలుగుతారు.
- ఏసీ సేవకు డిజిటల్ గేజిని ఎంచుకునేటప్పుడు అడగవలసిన ప్రశ్నలను కారణాలతో సహా చెప్పగలుగుతారు.

6.1 పరిచయం

గత భాగంలో ఆవిరి యంత్రం గురించి చదివారు. యంత్రాల చరిత్ర అనగానే పెద్ద యంత్రాలే గుర్తుకొస్తాయి. వాటి పక్కనే ఉండి వాటి స్థితిని చెప్పే చిన్న కొలత పరికరాలకు పాఠ్యపుస్తకాల్లో చోటు తక్కువ. ఈ భాగంలో అలాంటి పరికరం ఒకదాన్ని తీసుకుందాం. అది ఏసీ మెకానిక్ సంచిలో ఉండే గేజి.

టెక్కలికీ పలాసకూ మధ్యనున్న నందిగాంలో ఉంటూ, చుట్టుపక్కల ఉద్దానం ఊళ్లలో ఏసీల పని చేసే వ్యక్తిని ఊహించుకోండి. మీలో కొందరు ఆ పని చేస్తూనే ఈ డిగ్రీ చదువుతూ ఉండవచ్చు. అతని దగ్గర గురువు ఇచ్చిన పాత గేజి ఉంది. దానికి నీలం డయలు ఒకటి, ఎర్ర డయలు ఒకటి. రెండింటి మీదా 12, 22, 502 అనే అంకెలతో మూడు వలయాలు ముద్రించి ఉన్నాయి. ఎదురుగా గోడకున్న కొత్త ఏసీ మీద మాత్రం ఆర్-32 అని రాసి ఉంది. డిజిటల్ గేజి తీసుకోమని దుకాణదారు సలహా ఇస్తున్నాడు. దాని ఖరీదు ముల్లు గేజికి ఎన్నో రెట్లు. వేసవిలో సంపాదించినది అందులో పోస్తే అది ఎన్నేళ్లు పనికొస్తుంది?

ఈ ప్రశ్నకు జవాబు కంపెనీ కరపత్రంలో దొరకదు. పాత గేజి ఎందుకు పాతబడిందో తెలిస్తేనే కొత్తదాన్ని తెలివిగా ఎంచుకోగలం. ఇక్కడ చరిత్ర చదువు సూటిగా బతుకుతెరువుకు పనికొస్తుంది.

6.2 పీడనాన్ని కొలవడం నేర్చుకున్న కథ

గాలికి బరువు ఉందని, అది మనల్ని నొక్కుతోందని పదిహేడో శతాబ్దం మధ్యలోగాని ప్రయోగపూర్వకంగా తేలలేదు. ఇటలీకి చెందిన టారిచెల్లి 1640ల్లో పాదరసం నింపిన గాజు గొట్టాన్ని పాదరసపు తొట్టిలో తలకిందులుగా నిలబెట్టాడు. గొట్టంలో పాదరసం సుమారు 760 మిల్లీమీటర్ల ఎత్తున ఆగింది. బయటి గాలి ఒత్తిడే దాన్ని నిలబెట్టిందని ఆయన గ్రహించాడు. 1648లో ఫ్రాన్స్‌లో పాస్కల్ సూచన మేరకు ఆయన బావ అదే పరికరాన్ని ఒక కొండ మీదకు తీసుకువెళ్లగా పాదరసం మట్టం తగ్గింది. అంటే ఎత్తుకు పోయేకొద్దీ గాలి ఒత్తిడి తగ్గుతుందన్నమాట. ఈ రెండు ప్రయోగాలనూ గుర్తుపెట్టుకోండి. 6.7లో మళ్లీ వాటి అవసరం పడుతుంది.

రెండు వందల ఏళ్ల తర్వాత ఈ కొలత ప్రాణాల సమస్యగా మారింది. ఆవిరి బాయిలర్లు పేలి మనుషులు చనిపోతున్నారు. ఎక్కువ పీడనాన్ని పాదరసంతో కొలవాలంటే గొట్టం చాలా పొడవుండాలి. రైలింజను మీద దాన్ని నిలపడం కుదరదు. 1849లో ఫ్రాన్స్‌లో యూజీన్ బూర్డాన్ దీనికి మార్గం కనిపెట్టి పేటెంట్ పొందాడు. నొక్కి చదును చేసి, కొడవలిలా వంచిన లోహపు గొట్టంలోకి ఒత్తిడి వెళితే అది కొద్దిగా విప్పుకుంటుంది. ఆ కదలికను చిన్న పళ్లచక్రం పెద్దది చేసి ముల్లును తిప్పుతుంది. దీనికి కరెంటు అక్కర్లేదు, బ్యాటరీ అక్కర్లేదు. ఆవిరి బాయిలరు వాడే జీడి కార్ఖానాలో బాయిలరు మీద కనిపించే గుండ్రటి గేజి ఈ జాతిదే. మన మెకానిక్ సంచిలోని నీలం, ఎర్ర డయళ్లు కూడా అవే.

6.3 మంచు ఓడల నుంచి ఫ్రియాన్ వరకు

చల్లదనాన్ని తయారుచేయడం రాకముందు దాన్ని ఓడల్లో మోసుకొచ్చేవారు. 1833లో అమెరికా వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ బోస్టన్ నుంచి కలకత్తాకు సరస్సుల మంచుగడ్డను పంపించాడు. తర్వాత మద్రాసులోనూ అతని మంచు గిడ్డంగి వెలిసింది. ఐస్ హౌస్ అనే ఆ భవనమే ఇప్పటి వివేకానందర్ ఇల్లం. ఆ రోజుల్లో టెక్కలి ప్రాంతం గంజాం జిల్లాలో, మద్రాసు రాజధానిలో భాగం. 1936లో ఒడిశా ఏర్పడినప్పుడు అది విశాఖపట్నం జిల్లాలో చేరింది, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది.

మంచును యంత్రంతో తయారుచేయడం మొదలయ్యాక ఈ ఓడల వ్యాపారం మూలపడింది. ద్రవం ఆవిరి అయ్యేటప్పుడు చుట్టూ ఉన్న వేడిని లాక్కుంటుంది. ఆ ఆవిరిని నొక్కి, బయట చల్లార్చి, మళ్లీ ద్రవంగా మారిస్తే ఈ చక్రం ఆగకుండా తిరుగుతుంది. ఈ పద్ధతికి 1834లో జేకబ్ పెర్కిన్స్ పేటెంట్ పొందాడు. 1870ల్లో జర్మనీలో కార్ల్ వాన్ లిండే అమ్మోనియాతో దాన్ని పరిశ్రమ స్థాయికి తెచ్చాడు. చేపల వ్యాపారానికి ఐసు చేసే కార్ఖానాల్లో ఇప్పటికీ అమ్మోనియా వాడకం ఉంది. అది లీకైతే కళ్లు మండుతాయి, ఊపిరి ఆడదు. తొలినాటి ఇంటి ఫ్రిజ్‌లలో వాడిన సల్ఫర్ డయాక్సైడ్, మిథైల్ క్లోరైడ్ కూడా విషవాయువులే.

అందుకే 1928లో థామస్ మిడ్జ్లీ బృందం విషం కాని, మండని క్లోరోఫ్లోరోకార్బన్ వాయువును తయారుచేసినప్పుడు అందరూ దాన్ని వరంగా భావించారు. ఫ్రియాన్ అనే పేరుతో అమ్మిన ఈ వాయువుల కుటుంబంలో ఆర్-12 ఫ్రిజ్‌లలోకి వచ్చింది. దాని దగ్గరి బంధువు ఆర్-22 ఇంటి ఏసీలలో దశాబ్దాల పాటు రాజ్యమేలింది.

ఇక్కడ ఒక విషయం గమనించండి. ప్రతి వాయువుకూ పీడనానికీ మరిగే ఉష్ణోగ్రతకూ మధ్య స్థిరమైన సంబంధం ఉంటుంది. పీడనం తెలిస్తే లోపల ద్రవం ఏ ఉష్ణోగ్రత దగ్గర మరుగుతోందో చెప్పవచ్చు. ఈ సంబంధం ఒక్కో వాయువుకు ఒక్కో విధంగా ఉంటుంది. గేజి తయారీదారులు డయలు మీద పీడనం గీతల పక్కనే ఒక్కో వాయువుకు ఒక్కో ఉష్ణోగ్రత వలయాన్ని ముద్రించారు. వాడుకలో ఉన్న వాయువులు రెండు మూడే కనుక ఆ రోజుల్లో అది సరిపోయింది.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 1
అ) బూర్డాన్ గేజి పాదరసపు గొట్టం కంటే ఏ విధంగా మెరుగు?
ఆ) క్లోరోఫ్లోరోకార్బన్లకు తొలినాళ్లలో అంత ఆదరణ ఎందుకు లభించింది?

6.4 సికింద్రాబాద్, మాంట్రియల్, కిగాలీ

1974లో మొలీనా, రోలండ్ అనే శాస్త్రజ్ఞులు ఈ వాయువులు పై వాతావరణానికి చేరి ఓజోన్ పొరను తినేస్తాయని హెచ్చరించారు. ఆ మరుసటి ఏడాది వచ్చిన రెండో హెచ్చరికకు తెలుగునేలతో ఒక సంబంధం ఉంది.

మదురైలో పుట్టిన వీరభద్రన్ రామనాథన్ 1965లో అన్నామలై విశ్వవిద్యాలయం నుంచి ఇంజనీరింగ్ పట్టా పొంది, సికింద్రాబాద్‌లో ఒక రిఫ్రిజిరేటర్ సంస్థలో ఉద్యోగానికి చేరారు. యంత్రాల నుంచి వాయువు ఎందుకు కారిపోతోందో కనుక్కోవడం ఆయన పని. ఆ తర్వాత బెంగళూరులో, అమెరికాలో చదివి వాతావరణ శాస్త్రజ్ఞుడయ్యారు. 1975లో ప్రచురించిన పరిశోధనలో, ఒక క్లోరోఫ్లోరోకార్బన్ అణువు ఒక కార్బన్ డయాక్సైడ్ అణువు కంటే పదివేల రెట్లకు పైగా భూతాపాన్ని పెంచగలదని చూపించారు. సికింద్రాబాద్‌లో తాను ఆపబోయిన లీకు ఎంతటిదో ఆయనకు పదేళ్ల తర్వాత తెలిసింది. ఇవాళ నందిగాంలో ఒక మెకానిక్ నట్టు వదులు చేసి వాయువును గాల్లోకి వదిలినా లెక్క అదే.

1985లో అంటార్కిటికా మీద ఓజోన్ పొర పలచబడిందని బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ప్రకటించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం వెంటనే చేరలేదు. సమస్యను సృష్టించిన సంపన్న దేశాలే మార్పు ఖర్చును భరించాలని మన ప్రభుత్వం వాదించింది. 1990 లండన్ సమావేశంలో బహుపక్ష నిధికి అంగీకారం కుదిరాక, 1992లో మనదేశం ఒప్పందంలో చేరింది. 2000లో ఓజోన్ క్షీణకారక పదార్థాల నియంత్రణ నియమావళి వచ్చింది. 2010 నాటికి ఆర్-12 కుటుంబానికి తెరపడింది.

తర్వాత ఆర్-22 వంతు. ఓజోన్‌కు దాని హాని తక్కువే కాని, లేకపోలేదు. కొత్త పరికరాల తయారీలో దాని వాడకానికి మనదేశం 2024 డిసెంబరు 31ని గడువుగా పెట్టుకుంది. పాత ఏసీల సేవకు మాత్రం అది కొన్నాళ్లు అవసరం. దాని స్థానంలోకి వచ్చిన ఆర్-410ఎ ఓజోన్‌ను తాకదు, కాని భూతాపం విషయంలో ఆర్-22 కంటే ఎక్కువే. కార్బన్ డయాక్సైడ్‌ను 1గా తీసుకుంటే ఆర్-22 విలువ 1810, ఆర్-410ఎ విలువ 2088. ఆర్-32 విలువ 675, ప్రొపేన్ అనే ఆర్-290 విలువ సుమారు 3. ప్రొపేన్ ఏసీలు మనదేశంలో 2012లో మార్కెట్లోకి వచ్చాయి, ఆర్-32 ఏసీలు ఆ వెంటనే వచ్చాయి.

2016 అక్టోబరులో రువాండా రాజధాని కిగాలీలో కుదిరిన సవరణ ఈ కొత్త వాయువులకూ గడువులు పెట్టింది. 2021లో భారతదేశం దాన్ని ఆమోదించింది. మన షెడ్యూలు ప్రకారం వాడకం 2028లో స్తంభించాలి, 2032 నుంచి తగ్గుతూ 2047 నాటికి 85 శాతం కోత పడాలి. అంటే ఇవాళ కొన్న గేజి జీవితకాలంలోనే వాయువులు మళ్లీ మారతాయి.

బహుపక్ష నిధి సాయం కర్మాగారాల మార్పిడికీ, మెకానిక్‌ల శిక్షణకూ అందింది. కాని చిన్న ఊరి మెకానిక్ తన గేజిని చాలావరకు తన డబ్బుతోనే మార్చుకోవాలి. అంతర్జాతీయ ఒప్పందం ఖర్చు చివరకు ఎవరి సంచిలోకి చేరుతుందో ఇక్కడ చూడవచ్చు.

6.5 డయలు ఒక చారిత్రక ఆధారం

శ్రీముఖలింగం శాసనాలను పరిశీలించే చరిత్రకారుడు లిపిని, పేర్లను చూసి కాలాన్ని అంచనా వేస్తాడు. గేజి డయలునూ అలాగే చదవవచ్చు. 12, 22, 502 వలయాలుంటే అది మాంట్రియల్ ప్రభావానికి ముందరి లోకపు పరికరం. 22, 134ఎ, 404ఎ ఉంటే ఆర్-12 వైదొలగుతున్న కాలానిది. 410ఎ, 32 కనిపిస్తే ఇటీవలిది. డయలు మీద తేదీ లేకపోయినా కాలం తెలుస్తుంది.

ముద్రించిన వలయాన్ని చెరిపి మళ్లీ రాయలేం. ముల్లు బాగానే తిరుగుతున్నా పక్కనున్న వలయాలు చచ్చిపోయిన వాయువులవైతే ఆ గేజి సగమే పనిచేస్తున్నట్టు. కింది పట్టిక చూడండి. విలువలు వాతావరణ పీడనానికి పైన పి.ఎస్.ఐ.లలో, సుమారుగా ఇచ్చాం.

| వాయువు | 5 డిగ్రీల దగ్గర | 50 డిగ్రీల దగ్గర |
|---|---|---|
| ఆర్-134ఎ | 36 | 175 |
| ఆర్-290 | 65 | 235 |
| ఆర్-22 | 70 | 265 |
| ఆర్-410ఎ | 120 | 430 |
| ఆర్-32 | 123 | 440 |

పాత నీలం డయలు మీద వివరమైన గీతలు సాధారణంగా 120 వరకే ఉంటాయి. ఆర్-32 ఏసీ మామూలుగా పనిచేస్తున్నప్పుడే ముల్లు ఆ హద్దు దాటుతుంది. 500 వరకు చూపే ఎర్ర డయలు మీద ఎండాకాలం మధ్యాహ్నం ఇక మిగిలే జాగా కొంచెమే.

6.6 డిజిటల్ గేజిలో ఏం జరుగుతుంది?

1954లో చార్లెస్ స్మిత్ అనే శాస్త్రజ్ఞుడు సిలికాన్, జెర్మేనియం స్ఫటికాలను నొక్కితే వాటి విద్యున్నిరోధం గణనీయంగా మారుతుందని కనుగొన్నాడు. దాని నుంచి చిన్న పీడన సెన్సార్లు పుట్టాయి. 1971 తర్వాత వచ్చిన మైక్రోప్రాసెసర్ ఆ మార్పును అంకెగా చదవడాన్ని చౌక చేసింది. డిజిటల్ గేజిలో సెన్సార్ పీడనాన్ని పట్టుకుంటుంది. లోపలి జ్ఞాపకంలో పదుల కొద్దీ వాయువుల పట్టికలు ఉంటాయి. మీరు ఎంచుకున్న వాయువు పట్టికను చూసి అది మరిగే ఉష్ణోగ్రతను తెరమీద చూపుతుంది.

అసలు మార్పు ఇదే. ముల్లు పోయి అంకె రావడం పైపై సంగతి. డయలు మీద ముద్రించి ఉన్న పట్టిక మార్చుకోగలిగే పట్టిక అయింది.

దీనికి ఒక హద్దు ఉంది. గేజికి తెలిసేది పీడనమే, గొట్టంలో ఏ వాయువుందో దానికి తెలియదు. గొట్టంలో ఆర్-32 ఉండి పీడనం 123 చూపుతోందనుకోండి. మీరు పొరపాటున ఆర్-22 ఎంచుకుంటే మరిగే ఉష్ణోగ్రత 5 డిగ్రీలకు బదులు 21 డిగ్రీలుగా కనిపిస్తుంది. గొట్టం 12 డిగ్రీల చల్లగా ఉంది కనుక ఎక్కడో తప్పు జరిగిందని మీకు తెలిసిపోతుంది. కాని ఆర్-410ఎ ఎంచుకుంటే తేడా అర డిగ్రీయే, తప్పు బయటపడదు. ఆర్-22కూ ఆర్-290కీ మధ్య కూడా పీడనంలో తేడా స్వల్పం. వీటిలో ఆర్-32 కొద్దిగా మండే గుణం కలది, ఆర్-290 వంటగ్యాస్‌లా భగ్గుమంటుంది. అందువల్ల ముందు ఏసీ మీది పేరుపట్టీ చదవాలి, ఆ తర్వాతే గేజి తగిలించాలి. ఎంత ఖరీదైన గేజి అయినా ఈ పని మనకోసం చేయదు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి - 2
అ) ముద్రించిన పట్టికకూ మార్చుకోగలిగే పట్టికకూ తేడా ఏమిటి?
ఆ) పీడనం చూసి వాయువు పేరు చెప్పడం ఎందుకు ప్రమాదకరం?

6.7 గేజిని ఎంచుకోవడం

ఏ కంపెనీది కొనాలో చెప్పడం ఈ పాఠం ఉద్దేశం కాదు. దుకాణంలో అడగవలసిన ప్రశ్నలు ఇవి.

1. కొత్త వాయువుల పట్టికను చేర్చుకోగలమా? కిగాలీ గడువులు చూశారు కనుక ఇదే మొదటి ప్రశ్న. పట్టికను ఫోను ద్వారానో కంప్యూటరు ద్వారానో నవీకరించలేని డిజిటల్ గేజి కూడా ముద్రించిన డయలు లాంటిదే. ఆర్-22, 134ఎ, 410ఎ, 32, 290 ఇప్పటికే ఉన్నాయో లేదో కొనేముందే తెరమీద చూడండి.

2. ఎంత పీడనం వరకు తట్టుకుంటుంది? ఆర్-410ఎ, ఆర్-32 పనికి 800 పి.ఎస్.ఐ. స్థాయి గేజి, దానికి తగ్గ గొట్టాలు కావాలి. కొత్త గేజికి పాత గొట్టాలు తగిలించడం పొదుపు కాదు.

3. ఖచ్చితత్వం దేనిలో శాతం? 0.5 శాతం అని రాసి ఉంటే అది చూపిన విలువలోనా, పూర్తి పరిధిలోనా అని అడగండి. 800 పూర్తి పరిధిలో 0.5 శాతం అంటే 4 పి.ఎస్.ఐ. 5 డిగ్రీల దగ్గర ఆర్-32లో 4 పి.ఎస్.ఐ. తేడా అంటే సుమారు 1 డిగ్రీ. ఆర్-22లో అదే 4 అంటే ఒకటిన్నర డిగ్రీ, ఆర్-134ఎలో రెండు డిగ్రీలకు పైనే. తక్కువ పీడనంలో నడిచే వాయువుల పని మీకు ఎక్కువగా ఉంటే ఈ తేడా లెక్కలోకి వస్తుంది. తెరమీద దశాంశం కనిపించినంత మాత్రాన కొలత ఖచ్చితమైనదని అనుకోకండి.

4. ఉష్ణోగ్రత క్లాంపులు ఉన్నాయా? గొట్టం ఉష్ణోగ్రత నుంచి మరిగే ఉష్ణోగ్రతను తీసేస్తే వచ్చేదాన్ని సూపర్‌హీట్ అంటారు. పై ఉదాహరణలో 12 నుంచి 5 తీసేస్తే 7 డిగ్రీలు. వాయువు తగ్గిందా, ఎక్కువైందా, కాయిల్‌కు గాలి అందడం లేదా అని నిర్ణయించడానికి ఇది ముఖ్యమైన ఆధారం. పీడనం ఒక్కటే చూసి గ్యాస్ పోసే అలవాటు వల్ల యంత్రమూ పాడవుతుంది, ఇంటివారి డబ్బూ వృథా అవుతుంది.

5. శూన్యాన్ని కొలుస్తుందా? కొత్త వాయువు నింపేముందు పంపుతో లోపలి గాలిని, తేమను తీసేయాలి. దీన్ని మైక్రాన్లలో కొలుస్తారు. మైక్రాన్ అంటే పాదరస మట్టంలో మిల్లీమీటరులో వెయ్యో వంతు. టారిచెల్లి గొట్టంలోని 760 మిల్లీమీటర్లతో పోల్చితే మెకానిక్ చేరవలసిన 500 మైక్రాన్లు అర మిల్లీమీటరే. ముల్లు గేజి అంత సూక్ష్మాన్ని చూపలేదు. డిజిటల్ గేజికి ప్రత్యేక శూన్య సెన్సార్ ఉందో లేదో అడగాలి, లేకపోతే విడిగా కొనుక్కోవాలి.

6. సున్నా సరిచేసుకోగలమా? గేజి మామూలుగా బయటి గాలి ఒత్తిడికి పైనున్న పీడనాన్నే చూపుతుంది. ఉద్దానం తీరంలో సరిచేసిన సున్నా సుమారు 1500 మీటర్ల మహేంద్రగిరి శిఖరం మీద రెండు పి.ఎస్.ఐ.లకు పైగా తప్పుతుంది. ఇది పాస్కల్ బావ కొండ మీద చూసిన తేడాయే. తగిలించే ముందు గొట్టాలు విప్పి సున్నా చూసుకోవడం అలవాటు చేసుకోండి.

7. విప్పేటప్పుడు ఎంత వాయువు పోతుంది? ఆర్-290 ఏసీలో నింపే వాయువే కొన్ని వందల గ్రాములు. ప్రతిసారీ గొట్టం నిండా వాయువు పోతే యంత్రం పని మారిపోతుంది, నిప్పు భయమూ ఉంటుంది. విప్పగానే మూసుకుపోయే కనెక్టర్లు తీసుకోండి. అవసరం లేనప్పుడు అసలు గేజి తగిలించకపోవడమే మేలు.

8. మన వాతావరణానికి ఆగుతుందా? సముద్రపు ఉప్పుగాలి లోహపు కనెక్టర్లను, బ్యాటరీ గదిలోని రేకులను తినేస్తుంది. బాగా మూసుకునే తొడుగు, సులభంగా దొరికే బ్యాటరీ ఉన్నది చూసుకోండి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు జీడి, కొబ్బరి తోటలతో పాటు కరెంటు స్తంభాలూ కూలాయి. అలాంటి రోజుల్లో చార్జింగ్ మీదే ఆధారపడే గేజి మూగబోతుంది. బూర్డాన్ గొట్టానికి ఆ బాధ లేదు. అందుకే పాత గేజిని పారేయకండి. వలయాలు పనికిరాకపోయినా, దాని పరిధిలో ఉన్నంతవరకు పీడనం గీతలు పనికొస్తాయి. పక్కన అచ్చు పట్టిక ఉంటే చాలు.

డబ్బు సరిపోకపోతే ఏం వదులుకోవచ్చు? తెర రంగులు, ఫోనుకు నివేదికలు పంపే సదుపాయం వదులుకోవచ్చు. పట్టిక నవీకరణ, పీడన పరిధి, ఉష్ణోగ్రత క్లాంపులు మాత్రం వదులుకోకండి. మీ పనిలో ఎక్కువ భాగం ఇంకా ఆర్-22 ఏసీలదే అయితే, మంచి ముల్లు గేజి, విడిగా ఉష్ణోగ్రత మాపకం, అచ్చు పట్టికతో ఒక వేసవి గడిపి, ఆ తర్వాత కొనడమూ తెలివైన నిర్ణయమే.

6.8 సారాంశం

పీడన మాపకం బాయిలర్ల పేలుళ్ల నుంచి మనుషుల్ని కాపాడే అవసరం నుంచి ఎదిగింది. శీతలీకరణలోకి వచ్చాక దాని డయలు మీద ఆనాటి వాయువుల పట్టిక కూడా చేరింది. విషవాయువుల భయం ఫ్రియాన్‌ను తెచ్చింది, ఓజోన్ భయం ఫ్రియాన్‌ను తొలగించింది, భూతాపం భయం దాని వారసులనూ తొలగిస్తోంది. ప్రతి మార్పూ ముద్రించిన పట్టికను పాతబరిచింది. మార్చుకోగలిగే పట్టిక ఇవ్వడమే డిజిటల్ గేజి అసలు ప్రయోజనం. అది ఉన్న గేజి రాబోయే మార్పుకూ నిలుస్తుంది, లేనిది తెర ఎంత మెరిసినా పాత డయలే. వాయువు పేరు చదవడం, సున్నా చూసుకోవడం, లీకు ఆపడం మాత్రం ఏ కాలంలోనైనా మనిషి చేయవలసిన పనులే.

6.9 ముఖ్య పదాలు

బూర్డాన్ గొట్టం: ఒత్తిడికి విప్పుకునే, వంచిన లోహపు గొట్టం.
మానిఫోల్డ్ గేజి: తక్కువ, ఎక్కువ పీడనాలను ఒకేసారి చూపే జంట గేజి.
సూపర్‌హీట్: ఆవిరి అయిన వాయువు తన మరిగే ఉష్ణోగ్రత కంటే ఎంత వేడిగా ఉందో చెప్పే తేడా.
మైక్రాన్: శూన్యాన్ని కొలిచే ప్రమాణం, పాదరస మట్టంలో మిల్లీమీటరులో వెయ్యో వంతు.
కిగాలీ సవరణ: మాంట్రియల్ ఒప్పందానికి 2016లో చేర్చిన, హైడ్రోఫ్లోరోకార్బన్లను తగ్గించే సవరణ.

6.10 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. శీతలీకరణ వాయువుల మార్పులకు దారితీసిన కారణాలను కాలక్రమంలో వివరించండి.
2. "గేజి డయలు ఒక చారిత్రక ఆధారం." చర్చించండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. భారతదేశం మాంట్రియల్ ఒప్పందంలో 1992 వరకు చేరకపోవడానికి కారణం ఏమిటి?
2. పూర్తి పరిధిలో శాతం అనే ఖచ్చితత్వాన్ని ఒక లెక్కతో వివరించండి.
3. మీ ఊరిలో ఏసీ లేదా ఫ్రిజ్ బాగుచేసే ఒకరిని కలిసి, వారి దగ్గరున్న గేజి మీది వాయువుల పేర్లను రాసుకోండి. వాటి ఆధారంగా ఆ గేజి ఏ కాలానిదో అంచనా వేయండి.